విరగని పాల పెంటయ్య

కిషన్‌బాగ్‌లో పెంటయ్యకు ఏడు గేదెలు, ఒక భార్య, ఒక సూది ఉండేవి. వీటిలో ఆయన మాటకు ఎదురు చెప్పనిది సూది ఒక్కటే. గేదెలు తన్నేవి. ఆగమ్మ తన్నేది కాదు గాని, ఆమె మాట గేదె తన్నుకన్నా దూరం పోయేది. సూది మాత్రం గుచ్చిన చోట దిగి, లోపలి మందును నమ్మకంగా అప్పగించి బయటకు వచ్చేది. అటువంటి విధేయత దొరికిన మనిషి దానిని వాడకుండా ఉండడం కష్టం.

పెంటయ్య నాలుగో తరగతితో చదువు చాలించాడు. కుర్రతనంలో రెండేళ్లపాటు పశువుల కాంపౌండరు వెంట సంచి మోశాడు. సంచి మోసినవాడు సగం వైద్యుడని మన దేశంలో ఒక గట్టి నమ్మకం. మిగిలిన సగాన్ని ధైర్యం నింపుతుంది. కాంపౌండరు పదవీ విరమణ చేస్తూ తన పాత స్టీలు డబ్బాను, అందులోని సూదిని ఇతనికిచ్చి వెళ్లాడు. ఆనాటినుంచి పెంటయ్య కొట్టానికి పశువుల డాక్టరు రావలసిన అవసరం, పెంటయ్య అభిప్రాయంలో, తీరిపోయింది.

ఇతని వైద్యం రెండు సూత్రాలమీద నిలిచి ఉండేది. వాపు దిగగానే సూది ఆపాలి, మిగిలిన మందును వచ్చే వాపుకు దాచాలి. ఇది మొదటిది. రెండవది మరింత లోతైనది. ఒకే మందును వరుసగా వాడితే రోగం దానికి అలవాటుపడుతుంది కనుక, ఏ రోజుకారోజు మందు మార్చాలి. ఈ సూత్రం ఎక్కడిదని ఒకసారి అడిగాను. దానికి ఆయన, “అల్లుడు దినాం వస్తె అత్త లెక్కజేస్తదా టీచరమ్మా? మందు గూడ గంతే. కొత్త మొకం జూస్తెనే రోగానికి భయం,” అన్నాడు. ఆ పోలిక ఎంత ముచ్చటగా ఉందంటే, తప్పని చెప్పడానికి నాకు మనసు రాలేదు. నిజం చెప్పాలంటే, తప్పని నాకు తెలియదు కూడా.

ఇప్పుడు తెలిసింది కనుక చెబుతున్నాను. ఒక బడిని ఊహించుకోండి. సోమవారం ఒక ఉపాధ్యాయుడు వస్తాడు, మంగళవారం మరొకడు, బుధవారం ఇంకొకడు. ఎవరి పాఠమూ పూర్తికాదు, ఎవరి బెత్తమూ రెండో దెబ్బ దాకా రాదు. ఆ బడిలో పిల్లలు శ్రద్ధగా నేర్చుకొనేది ఒక్కటే: ఏ ఉపాధ్యాయుణ్ణి ఏ విధంగా తప్పించుకోవాలో. మెతకవాళ్లు మొదటి దెబ్బకే పోతారు. మొండివాళ్లు మిగులుతారు, వాళ్ల సంతానమూ మొండిదే అవుతుంది. పెంటయ్య కొట్టంలోని సూక్ష్మజీవులకు ఇటువంటి బడి ఇరవై ఏళ్లపాటు ఉచితంగా నడిచింది. మధ్యాహ్న భోజనం పొదుగులోనే.

పాలు పితకడంలో కూడా ఆయనకొక పద్ధతి ఉండేది. బొటనవేలిని లోపలికి మడిచి, ఆ కణుపుతో చన్నును నొక్కి లాగేవాడు. పిడికిలి నిండా పట్టి మెత్తగా పితకాలనీ, కణుపుతో నొక్కితే లోపల కమిలి పొదుగువాపు వస్తుందనీ పశువుల డాక్టరు చాలాసార్లు చెప్పి చూశాడు. తన తండ్రి, తాత ఇట్లాగే పితికారని పెంటయ్య జవాబు. వాళ్ల కాలంలో కూడా పొదుగులు వాచేవి గదా అని ఆగమ్మ అందుకొనేది. ఏమైనా పెంటయ్య చేతివడికి ఆ చుట్టుపక్కల పోటీ లేదు. బక్కెట్టులో నురుగు పడే చప్పుడు విని, ఇది పెంటయ్య చెయ్యి అని గోడ అవతలివాళ్లు గుర్తుపట్టేవారు. ఆ వేలి కణుపుమీద వక్కంత కాయ కాసి ఉండేది. దానిని ఆయన పతకంలా చూపించేవాడు.

కణుపు వాపును తెచ్చేది, సూది వాపును దించేది. ఒక చేతితో రోగాన్ని, మరొక చేతితో వైద్యాన్ని ఇంత క్రమశిక్షణతో నడిపినవారిని నేను వేరే చూడలేదు.

ఇక పాల సంగతి. సూది వేసిన గేదె పాలను కొన్ని రోజులు అమ్మకూడదని డాక్టరు చెప్పేవాడు. పాలను పారబోయడం పాపమని పెంటయ్య చెప్పేవాడు. గెలిచేది ఎవరో చెప్పనక్కరలేదు. ఏడింటి పాలూ ఒకే క్యానులో కలిసేవి. ఏదో ఒక గేదెకు ఎప్పుడూ ఏదో ఒక సూది నడుస్తూనే ఉండేది కనుక, ఆ క్యానులో మందు లేని రోజు అరుదు. దీనివల్ల ఒక వింత జరిగింది. పొద్దున ఆరింటికి పోసిన పచ్చిపాలు మే నెల ఎండలో కూడా మధ్యాహ్నం దాకా విరిగేవి కావు. పెంటయ్య దీనిని పరమ స్వచ్ఛతకు నిదర్శనంగా చాటుకొన్నాడు. విరగని పాల పెంటయ్య అని పేరు వచ్చింది. ఫ్రిజ్ లేని ఇళ్లవాళ్లు దీవించారు, ఫ్రిజ్ ఉన్నవాళ్లు బంధువులకు చెప్పుకొన్నారు. మెచ్చుకొన్నవారిలో నేనూ ఉన్నాను. చదువుకొన్నవాళ్లకు కారణం అడగకుండా మెచ్చుకోవడం మరీ సులభం, ఎందుకంటే కారణం తెలిసే మెచ్చుకొంటున్నారని మిగతావాళ్లు అనుకొంటారు.

ఈ కీర్తికి మొదటి దెబ్బ పెరుగు వైపునుంచి వచ్చింది.

మా వీధి మలుపులో విజయలక్ష్మివాళ్లది మూడు తరాల పెరుగు, నెయ్యి దుకాణం. పెరుగు అందరమూ అక్కడే కొనేవాళ్లం కనుక, పెంటయ్య పాలను ఇంట్లో తోడువేసి చూసినవాళ్లు లేరు. రెండేళ్ల క్రితం చలికాలంలో ఆమె పాత పాలవాడు డెయిరీ ఎత్తివేయడంతో పెంటయ్య పాలు తీసుకోవడం మొదలుపెట్టింది. మొదలుపెట్టిన వారం రోజులకే పెరుగు తోడుకోవడం మానేసింది. ఆమె ముందుగా చలిని తిట్టింది. కుండలకు దుప్పట్లు కప్పింది. తోడును అనుమానించి సంతోష్‌నగర్‌లో ఉన్న చెల్లెలింటినుంచి కొత్త తోడు తెప్పించింది. పచ్చిమిరపకాయ తొడిమలు వేసింది. దుకాణానికి దిష్టి తీసింది. పాలు మాత్రం ఎట్లా పోసినవి అట్లాగే, తెల్లగా, ప్రశాంతంగా, ఎవరితోనూ తమకు సంబంధం లేనట్టుగా ఉండిపోయాయి.

చివరికి ఆమె ఒక పని చేసింది. రెండు గిన్నెలు తీసుకొని, ఒకదానిలో ప్యాకెట్ పాలు, మరొకదానిలో పెంటయ్య పాలు పోసి, ఒకే తోడు వేసి, ఒకే దుప్పటి కప్పింది. తెల్లవారేసరికి ప్యాకెట్ పాలు గడ్డ పెరుగయ్యాయి. పెంటయ్య పాలు పాలుగానే ఉన్నాయి. విజయలక్ష్మి పదో తరగతి సైన్సులో తప్పింది. ఆ రాత్రి తాను చేసినటువంటిదాని పేరే ప్రయోగమని ఎవరైనా బడిలోనే చెప్పి ఉంటే, బహుశా తప్పేది కాదు.

ఆ గిన్నెను పట్టుకొని ఆమె కొట్టానికి వెళ్లింది. అప్పుడు నేనూ అక్కడే, పాలకోసం నిలబడి ఉన్నాను.

“పాలల్ల ఏం కలుపుతున్నవ్ పెంటన్నా?”

“నీళ్లు గూడ కలుపనక్కా. బర్రె మీద ఒట్టు.”

“నీళ్లు కలిపినా తోడుకుంటయి. ఇవి తోడుకుంటలేవు.”

“నా పాలు విరగయక్కా. మస్తు గట్టి పాలు. గవి గంత అల్కగ పెరుగైతయా?”

గడ్డి వేస్తున్న ఆగమ్మ తల ఎత్తకుండానే అందుకొంది. “సూది మందు పాలల్లకు దిగుతదని డాక్టర్ సార్ మొత్తుకున్నడు. ఈయన ఇంటడా? బర్రెకు సూది, పాలకు సూది, ఇగ తాగెటోళ్లకు ముక్క ముక్క సూది.”

విజయలక్ష్మి గిన్నెలోకి ఒకసారి, పెంటయ్య ముఖంలోకి ఒకసారి చూసింది. పెరుగును చేసేది కూడా ఒక సూక్ష్మజీవేనని, పాలలోని మందు దానిని చంపేసిందని ఆమెకు ఎవరూ పాఠం చెప్పలేదు. చెప్పనక్కరలేకపోయింది. “అంటె, పెరుగు జేసేదాన్ని సంపినవన్నట్టు,” అని, గిన్నెను అక్కడే ఉంచి వెళ్లిపోయింది. మరునాటినుంచి ఆమె వేరే చోట పాలు తీసుకొంది.

గమనించవలసిన సంగతి ఒకటుంది. ఎవరికీ అపకారం చేయని పెరుగు జీవి మొదటి చుక్కకే చచ్చిపోయింది. చావవలసినవి మాత్రం పొదుగులో పిల్లాపాపలతో సుఖంగా ఉన్నాయి. మంచివాళ్లమీద మాత్రమే పనిచేసే చట్టాలను మనం చాలా చూశాం గాని, మందును కూడా ఆ స్థాయికి తీసుకొని రావడం పెంటయ్యవంటివారి ఘనత.

ఆయన ఒక్కడి ఘనత అనడం అన్యాయం. మందుల దుకాణం జగదీశ్వర్‌ను మరచిపోకూడదు. డాక్టరు చీటీ ఏదని అడిగితే గిరాకీ నొచ్చుకొంటుందని జగదీశ్వర్ ఏనాడూ ఎవరినీ అడగలేదు. జలుబుకు రెండు గోళీలు, పంటినొప్పికి మూడు, పరీక్షల భయంతో విరేచనాలైన పిల్లవాడికి ఒకటిన్నర. ఆ ఒకటిన్నరలో మిగిలిన సగాన్ని కాగితంలో చుట్టి దాచుకొనే ఇళ్లు మా వీధిలో ఎన్ని ఉన్నాయో చెప్పను. మా ఇంటి అలమార కూడా లెక్కలోకి వస్తుంది.

ఈ ఏటి సంక్రాంతి వెళ్లిన వారంలో పెంటయ్య బొటనవేలి గోరు మూల చలికి పగిలింది. అదే సమయంలో రాణి అనే గేదెకు పొదుగు వాచి రాయిలా గట్టిపడింది. అది రాణికి కొత్త కాదు. పెంటయ్య ఆ పగిలిన వేలితోనే చన్ను నొక్కి, చీము కలిసిన పాలను నేలమీదికి పిండి, చేతిని లుంగీకి తుడుచుకొని పక్క గేదె దగ్గరికి వెళ్లాడు. మూడో రోజుకు వేలు ఉబ్బింది.

మనుషులకు తాను వైద్యం చేయనని పెంటయ్యకు ఒక నియమం. తానూ మనిషేనన్న సంగతి ఆ నియమంలో స్పష్టంగా లేదు. రెండు సూత్రాలనూ తనకే అన్వయించుకొన్నాడు. జగదీశ్వర్ దగ్గర మొదటిరోజు ఒక రకం గోళీలు, రెండో రోజు మరొక రకం, మూడోరోజు ఎరుపు పసుపు రంగుల క్యాప్సూల్ గొట్టాలు. ఒక గొట్టాన్ని విప్పి ఆ పొడిని గోరుమీద చల్లుకొన్నాడు కూడా. అయిదు రోజులలో అయిదు మందులు. రోగం ప్రతి కొత్త ముఖాన్నీ చూసింది, ఏ ముఖానికీ భయపడలేదు. ఆరోరోజు వేలు వంకాయలా నిగనిగలాడింది. మణికట్టునుంచి మోచేతిదాకా చర్మం కింద ఎర్రని గీత పాకింది. చలిజ్వరంతో బక్కెట్టు జారి పాలు నేలపాలయ్యాయి. పాలు పారబోయడం పాపమన్న మనిషి వాటివంక చూడలేకపోయాడు. ఆగమ్మ వాదించకుండా ఆటో పిలిచింది. ఆమె వాదించకపోవడం చూసిన తరువాతనే తనకు భయం పట్టుకొందని పెంటయ్య నాతో చెప్పాడు.

పెద్దాసుపత్రిలో డాక్టర్ ఆశ్రిత వేలు కోసి చీము తీసి, దానిని పరీక్షకు పంపింది. ఏ మందుకు ఆ సూక్ష్మజీవి చస్తుందో తేల్చే పరీక్ష అది. ఫలితానికి మూడు రోజులు పట్టింది. కాగితంమీద పద్దెనిమిది మందుల పేర్లున్నాయి. పదహారింటికి ఎదురుగా ఫలితం ఒక్కటే: పనిచేయదు. మిగిలినవి రెండు.

ఇదివరకు ఏయే మందులు వాడారని ఆమె పెంటయ్యను అడిగింది. జ్వరంలోనూ ఆయనకు హుషారు వచ్చింది. జీవితంలో మొదటిసారి ఒక పెద్ద డాక్టరు తన విద్యను గురించి అడుగుతోంది. నీలం మూత సీసా మొదలుకొని, పసుపు నీళ్ల మందుదాకా, పేరు తెలిసినవాటిని పేరుతో, తెలియనివాటిని రంగుతో, వరుసగా అప్పజెప్పాడు. ఆమె ఒక్కొక్కదానికి కాగితంమీద టిక్కు పెడుతూ పోయింది. టిక్కులు పదకొండు దాటాక తల ఎత్తింది.

“ఇవన్నీ మీరే వాడారా?”

“నాకు గాదు మేడం, బర్లకు. నాకు అయిదే.”

“ఒక్కొక్కటి ఎన్ని రోజులు?”

“ఒక్కటే దినం. మల్లా దినం కొత్తది.”

డాక్టరు కలం కింద పెట్టింది. తరువాత ఆమె చెప్పినది ఆగమ్మ నాకు మాట పొల్లుపోకుండా చెప్పింది. ఈ రోగం గేదెనుంచి వేలికి వచ్చిందా, వేలినుంచే గేదెకు పోయిందా అనేది తాను చెప్పలేననీ, ఇది మొండిగా మారడంలో ఆయన మింగిన గోళీల వంతూ ఉండవచ్చుననీ అంది. మిగిలిన రెండు మందులలో ఒకదానిని నరంలోకి ఎక్కిస్తామనీ, పద్నాలుగు రోజులు, ఒక్క పూట కూడా తప్పకూడదనీ అంది. ఈ మొండిది ఆ రెండింటిని కూడా నేర్చుకొంటే చేతిని కాపాడడానికి వేలిని మొదలుకంటా తీసివేయవలసి వస్తుందని కూడా చెప్పింది.

పెంటయ్యకు ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. కుడి బొటనవేలు లేనివాడు పాలు పితకలేడు. ఏడు గేదెలను అమ్ముకొని, ఎవరి దగ్గరో కాపలా పనికి కుదరాలి. ఆయన నాలుగు రోజులు సీసానుంచి దిగే చుక్కలను చూస్తూ పడుకొన్నాడు. ఇంటి దగ్గర పాలు పితికే పని ఆగమ్మ మీద పడింది. ఉదయం సాయంత్రం గేదెలను చూసుకొని, నడుమ ఆసుపత్రికి వచ్చి స్టూలుమీద కూర్చొనేది.

మందు మొదలైన ఆరోరోజు జ్వరం పోయింది. ఎర్రగీత మాయమైంది. వాపు దిగింది. వాపు దిగడమంటే పెంటయ్యకు ఒకే అర్థం. మంచం కింద చెప్పులు వెదికి వేసుకొని, చేతికున్న గొట్టం తీయించమని ఆగమ్మకు చెప్పాడు.

“తగ్గింది గదా. మిగిలిన మందు దాసిపెట్టుమని చెప్పు. మల్లొస్తె పనికొస్తది.”

ఆగమ్మ బత్తాయి ఒలుస్తోంది. ఒలవడం ఆపలేదు. గొంతు పెంచలేదు.

“ఉగాదికి రాణికి పొదుగు వాస్తె రెండు సూదులిచ్చి బంద్ జేసినవ్. తగ్గిందన్నవ్. బోనాలకు మల్ల వాచింది. మల్ల రెండు సూదులు, మల్ల తగ్గిందన్నవ్. దీపావళికి దానికి ఒక సన్ను ఎండిపోయింది. అది నాలుగు సన్నుల బర్రె, మూడిటితోని ఎల్లదీస్తున్నది. నీ కుడిచేతికి ఎన్ని బొటనవేళ్లున్నయ్?”

పక్కమంచంమీద కాలు విరిగి పడుకొన్న ముసలాయన దుప్పటి నోటికి అడ్డం పెట్టుకొన్నాడు. పెంటయ్య తన చేతివంకే చూశాడు. తరువాత ఒక కాలు చెప్పులోంచి తీశాడు. మరికొంత సేపటికి రెండోది కూడా తీశాడు. ఆగమ్మ సగం బత్తాయి ఆయన ఎడమచేతిలో పెట్టి, మిగతా సగం తాను తిన్నది. నలభై ఏళ్ల కాపురంలో తన మాట మొదటిసారికే నెగ్గినందుకు ఆమెకు ఏడుపు వచ్చిందట. బత్తాయి పుల్లగా ఉందని సర్దుకొందట.

పద్నాలుగు రోజులు పూర్తయ్యాయి. వేలు నిలిచింది. ఊరికే నిలవలేదు. లోపలి నరం దెబ్బతినడంతో అది వంగదు. గోరు పోయి, కణుపు బిగుసుకొని, ఎప్పుడూ నిటారుగా ఉంటుంది. బొటనవేలిని మడిచి పితికే తాతల పద్ధతికి ఆ విధంగా తెరపడింది. పశువుల డాక్టరు ఇరవై ఏళ్లు చెప్పి సాధించలేనిదానిని ఒక సూక్ష్మజీవి నెలలోపల సాధించింది. ఉపదేశంమీద నాకున్న నమ్మకం ఆ రోజు కొంత తగ్గింది.

పాలు ఇప్పుడు ఆగమ్మ పితుకుతుంది, నిండు పిడికిలితో. పెంటయ్య పక్కన కూర్చొని మిగతా నాలుగు వేళ్లతో తనకు సాధ్యమైనంత సాయం చేస్తాడు, సాధ్యం కానంత సలహా ఇస్తాడు. ఆయన వినయవంతుడైపోయాడని ఎవరూ అనుకోకండి. వెనుక సగం సూదికి సూత్రం చెప్పిన అధికారంతోనే ఇప్పుడు పూర్తి మోతాదుకు సలహా ఇస్తున్నాడు. జగదీశ్వర్ దుకాణంనుంచి రెండు గోళీలతో వచ్చేవాళ్లను ఆపి, చీటీ ఏదని అడిగి, తిట్లు తింటున్నాడు. చీటీ అడగవలసినవాడు లోపల కూర్చొని నవ్వుతున్నాడు.

మొన్న రాణికి పొదుగు మళ్లీ వాచింది. ఈసారి పశువుల డాక్టరు వచ్చాడు, పాలను పరీక్షకు పంపాడు, ఒకే మందు అయిదు రోజులు వేశాడు. ఆ అయిదు రోజులు, ఆపైన మరి మూడు రోజులు, రాణి పాలను క్యానులో కలపవద్దన్నాడు. రోజూ రెండు పూటలా పెంటయ్య ఆ పాలను స్వయంగా గుంటలో పోసి మన్ను కప్పాడు. పాపం మాట ఎత్తలేదు. పోసేటప్పుడు మాత్రం ముఖం పక్కకు తిప్పుకొనేవాడు.

ఆ ఎనిమిది రోజులు పాలు అందరికీ చాలలేదు. వాడుకవాళ్లు కొట్టం ముందు లొల్లి చేశారు. విరగని పాలు మంచివని ఇన్నాళ్లు చెప్పి ఇప్పుడు పారబోస్తావేమిటని ఒకాయన నిలదీశాడు. నేను చెంబుతో వెళ్లినరోజు పెంటయ్య నన్ను చూసి నొచ్చుకొన్నాడు. “టీచరమ్మా, రాణికి సూది నడుస్తున్నది. ఇయ్యాల పాలు అయిపోయినయి. శుక్కురారం దాకా గింతే,” అని నాకు చెబుతూ, వెనకాలవాళ్లకు కూడా తెలియాలని చెయ్యి ఎత్తి, ఇవాళ లేవు పొమ్మన్నట్టు ఊపాడు.

చెయ్యి పొమ్మంటోంది. దాని చివర వంగని బొటనవేలు మాత్రం, ఎవరేమడిగినా తనకు పూర్తి సమ్మతమేనన్నట్టు, నిటారుగా పైకి లేచి ఉంది. వెనుకవాళ్లలో ఇద్దరు దానిని చూసి పాలున్నాయనుకొని గిన్నెలు ముందుకు చాపారు. రోడ్డుమీద పోతున్న ఆటో ఒకటి ఆగి, ఎక్కడికి పోవాలని అడిగింది. పెంటయ్య ఆటోను పంపించి, గిన్నెలవాళ్లవైపు తిరిగి, ఈసారి చెయ్యి వెనక్కి పెట్టుకొని, నోటితో చెప్పాడు.